చిక్కుబడిపోయిన పిల్లలు కలిసి బతకడం మాని కొట్టుకునే దాకా ఎలా వస్తారు? హుద్‌హుద్ అప్పుడు మా హాస్టల్లో జరిగింది

విలియం గోల్డింగ్ అనే ఇంగ్లిష్ రచయిత నవల 'లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్' (1954)లో దీవిలో చిక్కుకున్న పిల్లలు మొదట శంఖం ఊది సభ పెట్టుకుని, చివరికి తోటివాళ్లనే చంపుతారు కదా, పిల్లలు నిజంగా అలా మారిపోతారా అని అడిగారు. అంత దారుణం నేను చూడలేదు. కానీ ఆ దారిలో కొంత దూరం నేనూ నడిచాను, అందుకే రాస్తున్నాను.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజు. నేను తొమ్మిదో తరగతి, మధురవాడ వైపు ఒక ప్రైవేటు హాస్టల్లో ఉండేవాణ్ణి. మొత్తం 31 మంది పిల్లలం. వార్డెన్ సారు శనివారం గాజువాకలో ఇంటికి వెళ్లి, పొద్దున్నే వచ్చేస్తానన్నారు. ఎలా వస్తారు? రోడ్ల నిండా చెట్లు, ఫోన్లు లేవు. మధ్యాహ్నం గాలి ఒక్కసారి ఆగిపోయింది. గండం గడిచిందనుకున్నాం. అది తుపాను కన్ను అని మాకేం తెలుసు? కాసేపటికి ఎదురు దిక్కు నుంచి కొట్టింది. డాబా మీది నీళ్ల ట్యాంకు ఎగిరిపోయింది, పై అంతస్తు కిటికీ అద్దాలన్నీ పగిలిపోయాయి. సాయంత్రం వంటావిడ తన రేకుల ఇల్లు ఉందో లేదో చూసుకోడానికి పరుగెత్తింది. సోమవారం తెల్లారి వాచ్‌మన్ తాత, "బాబూ, నీళ్లో పాలో ఎక్కడైనా దొరుకుతాయేటో సూసొస్తాను, గుమ్మం దాటకండి" అని వెళ్లాడు. ఆ రాత్రి తిరిగి రాలేకపోయాడు.

ఆదివారం మేం ఎంత బాగున్నామో చెప్పాలి. ఎవరూ చెప్పకుండానే మంచాలు తెచ్చి కిటికీలకి అడ్డం పెట్టాం. గాజుపెంకులు ఊడ్చాం. పై అంతస్తు వాళ్ల పరుపులు తడిసిపోతే కింద మా గదుల్లోకి రమ్మన్నాం. దసరా సెలవుల నుంచి వచ్చి ఎన్నో రోజులు కాలేదు, అందరి ట్రంకు పెట్టెల్లో ఇంటి పిండివంటలున్నాయి. జంతికలు, అరిసెలు, సున్నుండలు అన్నీ ఒక దుప్పటి మీద పోశాం. పదో తరగతి అన్న ఒకడు లెక్కపెట్టి పంచాడు. చిన్నవాళ్లకి ముందు ఇచ్చాడు. ఆ రాత్రి చీకట్లో పాటలు కూడా పాడుకున్నాం.

మంచినీళ్ల క్యాన్లు నాలుగే ఉన్నాయి. సంపులోకి బురద నీళ్లు చేరిపోయాయి. సోమవారం పొద్దున్న చూస్తే ఒక క్యాన్‌లో నీళ్లు తగ్గాయి. "రాత్రి ఎవడో తాగేశాడు" అన్నాడు అన్న. అంతే, అక్కడి నుంచి మా మాటే మారిపోయింది. అప్పటిదాకా "మనం". ఇక "పైవాళ్లు", "కిందవాళ్లు". మా గదుల్లో పడుకుని మా నీళ్లు తాగుతున్నారని మావాళ్లు, పెద్దరికం పేరు చెప్పి మీరే దాచుకుంటున్నారని వాళ్లు. మధ్యాహ్నానికి క్యాన్లు వార్డెన్ గదిలోకి వెళ్లాయి. తాళంచెవి జంధ్యంలా దారానికి కట్టి అన్న మెళ్లో వేసుకున్నాడు. ఎవరికి ఎంత పోశాడో ఇక ఎవరికీ కనబడలేదు. నా ఉద్దేశంలో చెడిపోయింది అక్కడే. నీళ్లు తక్కువయ్యి కాదు, పంపకం తలుపు వెనక్కి వెళ్లి.

పై అంతస్తులో ఆరో తరగతి పిల్లాడొకడు ఉండేవాడు. రాత్రిళ్లు దగ్గుతూ లేచేవాడు. వాళ్లమ్మ ఇచ్చిన నీలం రంగు సీసా తలగడ కింద పెట్టుకునేవాడు. సోమవారం రాత్రి వాడు మూత తిప్పిన చప్పుడు వినబడింది. "దొరికాడ్రా!" అని ఎవడో అరిచాడు. ఇంకెవడో వాడి మీద దుప్పటి కప్పాడు. తర్వాత అందరం కొట్టాం. నేనూ కొట్టాను. దుప్పటి కింద వాడి భుజం ఎంత సన్నగా ఉందో నా చేతికి ఇప్పటికీ గుర్తుంది. నా పక్క మంచం వాడు టార్చి వేసి, దుప్పటి లాగేశాడు. పెదవి చిట్లి రక్తం, చేతిలో ఇంకా ఆ సీసా. మొహం కనబడగానే అందరి చేతులూ ఆగిపోయాయి. నవలలో కూడా సైమన్ అనే పిల్లాణ్ణి చీకట్లో, తుపాను హోరులో మృగం అనుకునే చంపుతారు.

ఇది చెప్పకపోతే ఈ జవాబుకి అర్థం లేదు: ఆదివారం రాత్రి క్యాన్‌లో నీళ్లు తాగిన వాళ్లలో నేనూ ఉన్నాను. రెండు గ్లాసులు తాగాను. దొంగ దొరికాడని అందరూ అనుకుంటే నన్నెవరూ అనుమానించరు. నేను గట్టిగా కొట్టింది అందుకే. నాలాంటివాళ్లు ఆ గదిలో ఇంకా ఉండే ఉంటారు.

పెద్దవాళ్లు లేకపోతే పిల్లలు మృగాలైపోతారన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. 1965లో పసిఫిక్ సముద్రంలోని టోంగా దేశానికి చెందిన ఆరుగురు కుర్రాళ్లు పడవలో బయల్దేరి, తుపానులో చిక్కి, అటా అనే మనుషుల్లేని దీవికి చేరారు. 15 నెలలు అక్కడే ఉన్నారు. ఒకడి కాలు విరిగితే మిగతావాళ్లు కట్టు కట్టి వాడి పని తామే చేశారు. గొడవపడిన వాళ్లు చెరో దిక్కుకీ వెళ్లి, కోపం తగ్గాక వచ్చేవారట. 1966లో పీటర్ వార్నర్ అనే ఆస్ట్రేలియా ఆయన పడవలో వెళ్తూ చూసేసరికి ఆరుగురూ క్షేమం. వాళ్లు ముందే స్నేహితులు. 1954లో అమెరికాలో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక క్యాంపులో 22 మంది పిల్లల్ని రెండు జట్లు చేసి బహుమతులకి పోటీ పెడితే, జెండాలు తగలబెట్టుకుని, గదుల మీద పడ్డారు. అంతకు ముందు ఏడాది ఆయనే ఇలాంటి ప్రయత్నం చేస్తే కుదరలేదు. ఆ పిల్లలకి జట్లు కట్టకముందే స్నేహం కుదిరింది, ఎంత ఎగదోసినా కొట్టుకోలేదు.

మాలో కూడా గొడవ ఆగింది పెద్దవాళ్లు వచ్చి కాదు. టార్చి వేసినవాడు, "తాళం తియ్యన్నా, క్యాన్లు ఇక్కడ పెట్టు" అన్నాడు. అన్న ఏడుస్తూ తీశాడు. తెల్లారి పైవాళ్లూ కిందవాళ్లూ కలిసి సంపులోంచి బకెట్లతో నీళ్లు తోడి, తువ్వాలుతో వడగట్టి, విరిగిన కొమ్మలతో పొయ్యి పెట్టి కాచాం. మంగళవారం మధ్యాహ్నం వార్డెన్ సారు నడిచి వచ్చేటప్పటికి మేం గంజి తాగుతున్నాం. పెదవి ఏమైందని ఆయన అడిగితే, కిటికీ తగిలిందని ఆ పిల్లాడే చెప్పాడు.

సంక్రాంతికి ఇంటికెళ్లి వాడు మళ్లీ రాలేదు. ఆ నీళ్లు తాగింది నేనని వాడికి చెప్పలేదు.