బొమ్మలు వేస్తూ రాళ్ళు కూడా చెక్కే మనిషి రెండింట్లోనూ గొప్పవాడు కాగలడా?

కచ్చితంగా కాగలడు. రుజువుకి రష్యా చిత్రకారుడు అలెక్సేయ్ దెనీసోవ్-ఉరాల్‌స్కీ ఒక్కడు చాలు.

నేను ఎంబీబీఎస్ చదివింది సైబీరియాలోని తోమ్‌స్క్‌లో. అక్కడి ఆర్ట్ మ్యూజియంలో అతను 1897లో వేసిన అడవి మంటల బొమ్మ ఉంది, దాదాపు రెండు మీటర్ల ఎత్తు. అనాటమీ పరీక్ష టెన్షన్ ఒకపక్క, బయట చలి ఇంకోపక్క, తట్టుకోలేక ఓ రోజు లోపలికి దూరాను. ఆ బొమ్మ ముందుకొచ్చాక ఇక కాళ్ళు కదల్లేదు. మరీ దగ్గరికెళ్తే కాపలా పెద్దావిడ వెనక్కి జరగమని కసిరింది. జరిగాక చూద్దును కదా, అప్పటిదాకా ఉత్త నారింజ రంగు పూత అనుకున్నదాంట్లోంచి కాలుతున్న చెట్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి, వేడి మొహానికి కొట్టినట్టే ఉంది.

అతని సొంతూరు ఉరల్ కొండల్లోని యెకతెరిన్‌బర్గ్. తండ్రి రాళ్ళు తవ్వి, సానపట్టి బతికినవాడు. ఖనిజాల ముక్కలు అతికించి కొండలు పేర్చి, వెనక ఆకాశం మాత్రం రంగులతో వేసే పటాలు ఆ ఇంటి పని. పీటర్స్‌బర్గ్‌లో ఆర్ట్ స్కూలుకి తర్వాతెప్పుడో వెళ్ళాడు గానీ, ఆ మంట రంగు స్కూల్లో వచ్చింది కాదు, రాళ్ళ దగ్గర వచ్చిందే.

నాకు మండేది ఎక్కడంటే, రష్యా రాతిబొమ్మ ఏది కనబడినా జనం జార్ చక్రవర్తుల నగల వ్యాపారి ఫాబెర్జేది అనేస్తారు. పీటర్స్‌బర్గ్‌లో ఫాబెర్జే షాపున్న మోర్‌స్కాయా వీధిలోనే 1911లో ఇతనూ సొంత షాపు పెట్టాడు. పారిస్ నుంచి కార్టియే నగల కంపెనీ వాళ్ళు ఇతని దగ్గర రాతి జంతువులు కొనుక్కెళ్ళేవాళ్ళు, మరి కొన్నవాళ్ళలో చెక్కినవాడి పేరు ఎంతమందికి తెలుసు? మొదటి ప్రపంచయుద్ధం వచ్చినప్పుడు జర్మనీ చక్రవర్తిని పందిగా చెక్కిన మనిషి ఇతను!

నేను చూసిన ఆ బొమ్మ కూడా తక్కువ కష్టాలు పడలేదు. 1904లో అమెరికాలో సెయింట్ లూయిస్ ప్రదర్శనకి వెళ్ళి వెండి పతకం తెచ్చుకుంది గానీ, తీసుకెళ్ళిన వ్యాపారి కస్టమ్స్ గొడవల్లో ఇరుక్కోవడంతో అక్కడే చేతులు మారి, డెబ్భై ఏళ్ళకు పైగా ఇల్లు చేరలేదు. దెనీసోవ్‌కీ అదే గతి పట్టింది. ఫిన్లాండ్‌లోని ఇంట్లో ఉండగా విప్లవం తర్వాత సరిహద్దు మూసేశారు, అటే ఉండిపోయి 1926లో పోయాడు. అంత జరిగినా తన బొమ్మల్ని సొంతూరికే రాసిచ్చాడు.

తోమ్‌స్క్‌లో చదివే మన పిల్లలెవరైనా ఇది చదివితే, వెళ్ళి చూడండి. కాస్త వెనక్కి జరిగి చూడండి.