కొత్త బర్రె బెదురుతోంది, దూడ సొంగ కార్చింది

ప్రశ్న: వారం కింద అంగడిలో ముర్రా బర్రెను, దూడను కొన్నాం. బర్రె కొట్టంలోకి రానంటోంది. రేకుల చప్పుడుకు, నీళ్ల డ్రమ్ముకు బెదిరి ముక్కుతో బుసకొడుతోంది. మేత తింటోంది గానీ పాలు సరిగా చేపడం లేదు. నిన్న పత్తి చేను గట్టు మీది గడ్డి వేస్తే దూడ సొంగ కార్చి వణికింది. ఆ చేనుకు మొన్ననే ప్రొఫెనోఫాస్ పురుగుమందు కొట్టాం. రెండింటికీ దిష్టి తగిలిందంటున్నారు. ఏం చేయాలి? – ఒక రైతు, పరకాల

జవాబు: ముందు దూడను చూడండి, బర్రె సంగతి తర్వాత. సొంగ, కన్నీళ్లు, పారుడు, ఆయాసం, వణుకు కలిసి కనిపిస్తే, కంటిపాప బాగా కుంచించుకుపోతే అది పురుగుమందు విషమే. వెంటనే పశువైద్య సాయం నంబరు 1962కు ఫోన్ చేయండి. వచ్చిన డాక్టరుకు మందు డబ్బా చూపించండి. దీనికి ఆట్రోపిన్ ఇంజెక్షన్ ఇస్తారు. పశువు బరువు, లక్షణాలను బట్టి మోతాదు మారుతుంది కాబట్టి మీరే వేయొద్దు. నూనె, మజ్జిగ గొంతులో పోయొద్దు. వణికే పశువు సరిగా మింగలేదు, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ గడ్డి బర్రె కూడా తిని ఉంటే డాక్టరు చెప్పేదాకా దాని పాలు వాడకండి.

ఈ విషం ఎలా పనిచేస్తుందో చెప్తాను. నరం నుంచి కండరానికి, గ్రంథికి, మరో నరానికి కబురు మోసే రసాయనాల్లో ఎసిటైల్‌కోలిన్ ఒకటి. 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త కప్ప గుండెల మీద చేసిన ప్రయోగంతో దీని పని తెలిసింది. కబురు అందగానే ఒక ఎంజైము దాన్ని విరగ్గొట్టేస్తుంది. ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్, క్లోరిపైరిఫాస్ లాంటి మందులు ఆ ఎంజైమునే పట్టేస్తాయి. దాంతో ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోయి సొంగ ఆగదు, వణుకు ఆగదు. పిడుదులకని పంట మందును పశువు ఒంటికి పూసేవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. ఆ పని అసలే చేయొద్దు.

ఇక బర్రె. మెదడులోనూ ఎసిటైల్‌కోలిన్ పనిచేస్తుంది. ఎలుకను కొత్త చోట వదిలితే దాని మెదడులో ఈ రసాయనం విడుదల పెరుగుతుంది. అదే చోట మళ్లీ వదిలితే అంత పెరగదు. చోటు అలవాటైందన్నమాట. చిట్టెలుకల మెదడులో హిప్పోకాంపస్ అనే భాగంలో ఆ ఎంజైమును అడ్డుకుని చూస్తే వాటికి ఆందోళన పెరిగింది. అంటే కొత్తది చూసి అప్రమత్తం కావడానికి కొంత ఎసిటైల్‌కోలిన్ కావాలి, అతిగా పోగైతే బెదురు ముదురుతుంది. ఇవి ఎలుకల్లో తేలినవే అయినా, సొంగ, పారుడు లేకుండా మేత తింటున్న మీ బర్రెది కొత్త చోటి బెదురే అని నా అంచనా. దిష్టి కాదు.

కొట్టవద్దు. భయపడ్డప్పుడు విడుదలయ్యే ఎడ్రినలిన్ పాలు చేపడాన్ని ఆపేస్తుంది, కొట్టిన కొద్దీ పాలు ఇంకా తగ్గుతాయి. కొన్నాళ్లు ఒక్కరే, ఒకే వేళకు పితకండి. డ్రమ్మును దూరంగా పెట్టి, రోజూ కొంచెం దగ్గరికి జరపండి. గడప దగ్గర దాణా పెట్టి దానంతట అదే లోపలికి వచ్చేదాకా ఆగండి. పక్కన సాధువైన పాత బర్రెను కట్టేస్తే ఇంకా తొందరగా మాలిమి అవుతుంది. పాల కోసం ఆక్సిటోసిన్ సూదుల జోలికి పోకండి. రెండు వారాలైనా బెదురు తగ్గకపోతే ఒకసారి కళ్లు పరీక్ష చేయించండి. చూపు మందగించిన పశువు కూడా ఇలాగే ఉలిక్కిపడుతుంది.