వీవాప్ గీత సంగతి సరే, కుదువలో ఉన్న నగల సంగతేంటి?

ప్రశ్న: మాది తిరుపతి. రేణిగుంట దగ్గర ఓ కంపెనీలో ఉద్యోగం. చేతికొచ్చే జీతం రూ.38 వేలు, వడ్డీతో కలిపి నెల ఖర్చు రూ.27 వేలు. నా భార్య నగలు కుదువపెట్టి 12 శాతం వడ్డీకి తెచ్చిన రూ.2 లక్షలతో నాలుగు నెలలుగా ఇంట్రాడే (కొన్న షేర్లు ఆ రోజే అమ్మేసే ట్రేడింగ్) చేస్తున్నా. ధర వీవాప్ (ఎన్ని షేర్లు ఏ ధరకు చేతులు మారాయో చూసి లెక్కగట్టే ఆ రోజు సగటు ధర, చార్టు మీద గీతలా కనిపిస్తుంది) దాటితే కొంటా, కిందికి దిగితే అమ్ముతా. నా లక్ష మార్జిన్‌గా (హామీ సొమ్ముగా) పెట్టి రూ.5 లక్షల విలువైన షేర్లతో రోజుకు మూడు ట్రేడ్లు. ఇప్పటికి రూ.74 వేలు పోయాయి. సెట్టింగుల్లో ఏం మార్చాలి?

జవాబు: సెట్టింగుల్లో మార్చడానికి ఏమీ లేదు. ఇలాంటి ఉత్తరాలు ఎక్కువవుతున్నాయి కాబట్టే జవాబు రాస్తున్నా.

వీవాప్ లెక్క ఉదయం 9.15కు మొదలై ఆ రోజుతో ముగుస్తుంది. మొదటి ఐదు నిమిషాల్లో లక్ష షేర్లు సగటున రూ.500కు, తర్వాతి ఐదు నిమిషాల్లో 20 వేల షేర్లు రూ.506కు చేతులు మారితే వీవాప్ రూ.501. మధ్యాహ్నానికి 20 లక్షల షేర్లు రూ.501 సగటున ట్రేడయ్యాయనుకోండి. అప్పుడు ఇంకో లక్ష షేర్లు రూ.511కు పోయినా ఆ గీత లేచేది 48 పైసలే. పొద్దున ప్రతి క్యాండిల్‌కూ (చార్టులో ఐదేసి నిమిషాల ధరను చూపే కడ్డీకి) ఊగే గీత మధ్యాహ్నం దాటాక దాదాపు కదలదు. రెండు పూటలా దాన్ని ఒకే సిగ్నల్‌గా వాడుతున్నారు మీరు. పైగా మార్కెట్ ఎటూ కదలని రోజున ధర ఆ గీతను పదిసార్లు దాటుతుంది, దిగుతుంది. పెద్ద ఫండ్లు తమ ఆర్డరు మంచి ధరకు పడిందా లేదా అని చూసుకోవడానికి వాడే కొలబద్ద అది. దామలచెరువు మామిడి మండీలో పొద్దుటి నుంచి పలికిన సగటు ధర తెలిసినంత మాత్రాన సాయంత్రం కాయ ఎంతకు పోతుందో చెప్పగలమా?

ఇక చార్జీలు. రూ.5 లక్షలకు కొని అమ్మితే ఎస్‌టీటీయే (షేర్ల లావాదేవీ పన్నే) రూ.125. రెండు వైపులా బ్రోకరేజీ రూ.40 అనుకున్నా, ఎక్స్ఛేంజీ చార్జీలు, స్టాంపు డ్యూటీ, జీఎస్టీ కలిపితే ట్రేడుకు దాదాపు రూ.220. రోజుకు మూడు, నెలకు 20 రోజులు: రూ.13,200. నాలుగు నెలలకు రూ.52,800! మీ 74 వేలల్లో మూడింట రెండొంతులకు పైగా ఇలాగే పోయాయి. వడ్డీ రూ.8 వేలు దీనికి అదనం. 2022-23లో ఈక్విటీ ఇంట్రాడే చేసిన వ్యక్తుల్లో పదికి ఏడుగురు నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనమే చెప్పింది. వాళ్లలో ఎందరు నగలు కుదువపెట్టారో గానీ, ఆ పని ఎవరు చేసినా నేను సమర్థించను.

అసలు నన్ను కలవరపెట్టింది వేరే. మీ ఉత్తరంలో అత్యవసర నిధి ఊసే లేదు. రేపు కంపెనీలో రెండు నెలలు జీతం ఆగితే? కుదువపెట్టడానికి నగలు కూడా ఇంట్లో లేవు. ఖాతాలో మిగిలిన రూ.1.26 లక్షలు ఈ వారమే వెనక్కి తీసుకోండి. రూ.26 వేలు విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో వేయండి, దాన్ని ట్రేడింగ్ ఖాతాకు లింక్ చేయొద్దు. లక్ష అప్పుకు కట్టి, కొన్ని నగలైనా విడిపిస్తారేమో అడగండి. వడ్డీ సగమవుతుంది కాబట్టి నెలకు రూ.12 వేలు మిగులుతాయి. అందులో 9 వేలు అప్పుకు, 3 వేలు నిధికి. ఏడాదిలో అప్పు తీరుతుంది. ఈలోగా గడువు వస్తే వడ్డీ కట్టి తిరగరాయించుకోండి, వేలం నోటీసు దాకా తెచ్చుకోవద్దు. ఆ తర్వాత మిగిలేదంతా నిధికే, వడ్డీ పోను ఆరు నెలల ఖర్చు లక్షన్నర అయ్యేదాకా. సిప్‌లు, బంగారం ఏవైనా దాని తర్వాతే. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది, సొంత పాలసీ తీసుకోండి.

ఈ నష్టాన్ని గడువులోగా ఐటీఆర్-3లో (ఆదాయపు పన్ను రిటర్ను ఫారంలో) చూపించండి. జీతం మీద పన్నేమీ తగ్గదు. ఇంట్రాడే లాంటి స్పెక్యులేటివ్ లాభాలు వస్తే వాటితో మాత్రం నాలుగేళ్ల వరకు సర్దుబాటు చేసుకోవచ్చు.