డాలర్ పడిపోతుందంటున్నారు, అమ్మాయి ఫీజు ఆగి కట్టాలా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా హాలియా, పత్తి వేస్తాం. మా అమ్మాయికి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది. రెండేళ్లకు అన్నీ కలిపి 40 వేల డాలర్లు కావాలి. బ్యాంకు 25 లక్షల లోను ఇస్తానంది, మా దగ్గర 12 లక్షలున్నాయి. బ్రిక్స్ (మన దేశం, చైనా, రష్యా లాంటి దేశాల కూటమి) కరెన్సీ వస్తోందని, డాలర్ పని అయిపోయిందని వాట్సాప్‌లో ఒకటే మెసేజ్‌లు. ఆగితే డాలర్ చవకగా దొరుకుతుందా? రియాద్‌లో ఉన్న మా తమ్ముడు కొంత సాయం చేస్తానంటున్నాడు.

జవాబు: ఆ మెసేజ్‌లు నమ్మి ఫీజు ఆపకండి. ప్రపంచంలో డాలర్ పెత్తనం తగ్గడం వేరు, మన రూపాయి బలపడటం వేరు. 2025నే చూడండి. ఆ ఏడాది మొదటి ఆరు నెలల్లో యూరో లాంటి పెద్ద కరెన్సీలతో పోలిస్తే డాలర్ దాదాపు 10 శాతం పడిపోయింది. మరి మనకు చవకైందా? జనవరి మొదట్లో 86 రూపాయల లోపున్న డాలర్ డిసెంబరులో 90 దాటింది. ఆగినవాళ్లు ఎక్కువ కట్టాల్సి వచ్చింది.

డాలర్ పట్టు సడలుతున్న మాట నిజమే. కేంద్ర బ్యాంకులు దాచుకునే విదేశీ నిల్వల్లో 1999లో దాని వాటా 71 శాతం, ఇప్పుడు 57 శాతం దగ్గరుంది. అంత తగ్గడానికే పాతికేళ్లు పట్టింది. మీ అమ్మాయి చదువు రెండేళ్లే. చైనా యువాన్ వాటా నేటికీ 2 శాతం చుట్టూనే తిరుగుతోంది. బ్రిక్స్ ఉమ్మడి కరెన్సీ మాటల్లోనే ఉంది.

ఇంకో కరెన్సీ డాలర్ చోటులోకి రావడం ఎందుకింత కష్టమో రష్యాను చూస్తే తెలుస్తుంది. మనతో వ్యాపారంలో రష్యాకు రూపాయలు పోగయ్యాయి. వందల కోట్ల రూపాయలు భారత బ్యాంకుల్లో ఉన్నాయని, వాటిని వాడుకునే దారి వెతకాలని ఆ దేశ విదేశాంగ మంత్రి లావ్రోవ్ 2023లో గోవాలో చెప్పారు. మన దగ్గర రష్యా కొనే సరుకు తక్కువ. ఆ రూపాయలు మూడో దేశానికి ఇస్తానంటే తీసుకునేవాళ్లు అరుదు. డాలర్‌ను మాత్రం ఎవరైనా తీసుకుంటారు, అందుకే అందరూ వాడతారు. మీ పత్తి ధర కూడా ఎంతో కొంత న్యూయార్క్‌లో పౌండు బరువుకు ఇన్ని సెంట్లని పలికే రేటును బట్టే కదులుతుంది. మీరు వేసే డీఏపీకి, ట్రాక్టరులో పోసే డీజిల్‌కు కావాల్సిన దిగుమతులకూ దేశం ఎక్కువగా డాలర్లే చెల్లిస్తోంది.

ఇక మీ లెక్క. డాలర్ ఒక్క రూపాయి పెరిగితే మీకు 40 వేల భారం. 90 దగ్గరైతే మొత్తం 36 లక్షలు, మీ 37 లక్షలు సరిపోతాయి. కానీ ప్లాన్ 90 మీద వేయకండి, 100 మీద వేయండి. అప్పుడు 40 లక్షలు, మూడు లక్షలు తక్కువ. ఆ మూడు లక్షలకు పొలం అమ్మొద్దు, బయట మిత్తికి అసలే తేవొద్దు. అక్కడే మీ తమ్ముడి సాయం పనికొస్తుంది.

సౌదీ రియాల్‌ను 1986 నుంచి డాలర్‌కు 3.75 దగ్గర కట్టేసి ఉంచారు. అంటే ఆయన జీతం ఒకరకంగా డాలర్ జీతమే. ఇవ్వాలనుకున్న డబ్బును ఇప్పుడే రూపాయల్లోకి మార్చి మీకు పంపొద్దని చెప్పండి. మన బ్యాంకుల్లోనే ఎన్ఆర్ఐలకు ఎఫ్‌సీఎన్ఆర్ డిపాజిట్ ఉంటుంది. డాలర్లు డాలర్లుగానే ఉంటాయి, ఎన్ఆర్ఐగా ఉన్నంతకాలం ఆ వడ్డీపై ఇక్కడ పన్ను ఉండదు. కనీస గడువు ఏడాది, కాబట్టి ఇప్పుడే వేస్తే రెండో ఏడాది ఫీజుకు సరిగ్గా అందుతుంది. ఆ మూడు లక్షలంటే డాలర్ 100 లెక్కన 3 వేల డాలర్లు, అంటే 11,250 రియాల్స్. ఒకేసారి వేయలేకపోతే నెలనెలా కొంత రియాల్స్‌లోనే పక్కన పెట్టినా సరే, ఆయనకూ పెద్ద బరువు కాదు.

మీ 12 లక్షల్లోంచి మొదటి సెమిస్టర్ డబ్బు గడువు రాగానే పంపేయండి. మిగతాది షార్ట్ టర్మ్ ఎఫ్‌డీలో వేసి, సెమిస్టర్‌కోసారి తీయండి. పంపే ముందు రెండు మూడు బ్యాంకుల్లో డాలర్ అమ్మకం రేటు, చార్జీలు అడగండి. ఫోనులో కనిపించే రేటుకూ బ్యాంకు వేసే రేటుకూ తేడా ఉంటుంది, బేరమాడితే కొంత తగ్గిస్తారు. లోను డబ్బు బ్యాంకు నుంచి నేరుగా యూనివర్సిటీకి వెళ్తే దానిపై టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పడదు. సొంత డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటితేనే పడుతుంది, అదీ రిటర్న్ వేసి తిరిగి తీసుకోవచ్చు. మంజూరు పత్రం రూపాయల్లో ఉంటుంది కాబట్టి, డాలర్ పెరిగితే లోను పెంచుతారా అని సంతకం పెట్టే ముందే మేనేజర్‌ను అడగండి.