పాఠకుల ప్రశ్నలు: కంపెనీ విమానాల్లో కొలువులు

ప్రశ్న: కమర్షియల్ పైలట్ లైసెన్స్ వచ్చింది. 210 గంటలు ఎగిరాను. ఎయిర్‌లైన్స్ నుంచి పిలుపు రావడం లేదు. కంపెనీలు సొంతంగా నడుపుకునే జెట్లలో ప్రయత్నించవచ్చా?

జవాబు: ప్రయత్నించవచ్చు. అయితే 210 గంటలతో నేరుగా జెట్‌లో సీటు దొరకడం కష్టం. లైసెన్స్ ఉన్నా బీమా దగ్గర ఆగిపోతారు. అనుభవం తక్కువున్న పైలట్‌ పేరు చూస్తే బీమావాళ్లు ప్రీమియం పెంచుతారు, లేదా ఒప్పుకోరు. అందుకే చాలామంది ముందు టర్బోప్రాప్‌లో (టర్బైన్ ఇంజన్‌తో తిరిగే ప్రొపెల్లర్ ఉన్న విమానంలో) కో-పైలట్‌గా చేరి గంటలు కూడబెట్టుకుంటారు. కెప్టెన్ సీటుకి సాధారణంగా ఏటీపీఎల్ (పైలట్ లైసెన్సుల్లో అన్నిటికన్నా పైది) అడుగుతారు. దానికి 1500 గంటలు కావాలి.

పని తీరు కూడా వేరు. ఎయిర్‌లైన్‌లో సామాను, భోజనం, ఇంధనం చూసే మనుషులు వేరే ఉంటారు. ఇక్కడ సూట్‌కేసులు సర్దడం, కాఫీ ఫ్లాస్కు నింపించడం, దిగాక క్యాబిన్ తుడవడం కూడా చాలాసార్లు పైలట్ల పనే. ఎగిరే గంటలకన్నా కాచుకుని కూర్చునే గంటలే ఎక్కువ. మీటింగ్ సాగితే సాయంత్రం ప్రయాణం రాత్రికి జరుగుతుంది. నెల ముందే రోస్టర్ (డ్యూటీల పట్టిక) చేతికి రావాలనుకునేవారికి ఇది నప్పదు.

టైప్ రేటింగ్ (ఒక రకం విమానం నడిపేందుకు శిక్షణతో వచ్చే అర్హత) ఖర్చు కంపెనీ పెట్టుకుంటే బాండ్ రాయించుకుంటుంది, అంటే గడువుకు ముందే మానేస్తే ఆ ఖర్చు మీరు తిరిగి కట్టాలి. సంతకం పెట్టేముందు చూడాల్సినవి: నెలనెలా బాకీ తగ్గుతుందా, కంపెనీ విమానం అమ్మేసినా మీరే కట్టాలా, ఆ రకం విమానం వేరే కంపెనీల దగ్గర కూడా ఉందా. వ్యాపారం తగ్గినప్పుడు కంపెనీలు ముందు అమ్మే ఆస్తుల్లో విమానం ఒకటి. అప్పుడు అరుదైన విమానం మీద రేటింగ్ చేతిలో ఉన్నా కొత్త ఉద్యోగానికి పెద్దగా అక్కరకు రాదు.

ప్రశ్న: విమానం నడపడం రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. ఈ రంగంలో నాకు చోటుందా?

జవాబు: ఉంది. మెకానిక్‌లు, క్యాబిన్ సిబ్బంది సంగతి అందరికీ తెలిసిందే. బయటివారికి అంతగా తెలియని కొలువు షెడ్యూలర్ (ప్రయాణాల వేళలు, ఏర్పాట్లు చూసేవారు) లేదా డిస్పాచర్‌ది (దారి, ఇంధనం, బరువు లెక్కలు చూసేవారు). చిన్న కంపెనీల్లో రెండూ ఒకరే చూస్తారు.

విదేశీ ప్రయాణం ఒకటి ఖరారైందనుకోండి. మొదట రన్‌వే చూడాలి: పొడవు, సముద్రమట్టం నుంచి ఎత్తు, ఆ వేళ ఉండే ఎండ. ఎత్తు, వేడి పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది, టేకాఫ్‌కి ఎక్కువ దూరం కావాలి. జెట్‌ను ఛార్టర్‌గా (అద్దెకు) నడిపితే చాలా దేశాల నిబంధనల ప్రకారం దిగేటప్పుడు రన్‌వేలో 60 శాతం లోపలే విమానం ఆగగలగాలి. ఆ తర్వాత బరువు. ఎన్నో బిజినెస్ జెట్లలో సీట్లు నిండితే ట్యాంకు నిండా ఇంధనం పోయడానికి వీలుండదు. మధ్యలో ఎక్కడ ఆగి నింపుకోవాలో మీరే తేల్చాలి.

ఇవి కుదిరాక దారిలోని దేశాల ఓవర్‌ఫ్లైట్ పర్మిట్లు (వాటి మీదుగా ఎగరడానికి అనుమతులు), ల్యాండింగ్ పర్మిట్, స్లాట్ (దిగడానికి, ఎగరడానికి కేటాయించే సమయం), పార్కింగ్, కస్టమ్స్ వేళలు చూడాలి. ఎక్కువగా దెబ్బతినేది పర్మిట్ల దగ్గరే. పర్మిట్ విమానం రిజిస్ట్రేషన్ నంబరుకు, తేదీకి ముడిపడి ఉంటుంది. విమానం మొరాయించి చివరి నిమిషంలో మరోటి తెస్తే సాధారణంగా పర్మిట్ సవరించుకోవాలి. రద్దీ విమానాశ్రయాల్లో దిగనిచ్చినా ఆగనివ్వరు. ప్రయాణికులను దించి విమానాన్ని వేరేచోటికి ఖాళీగా పంపాలి. ఆ ఖాళీ ప్రయాణం ఖర్చు ముందే చెప్పని షెడ్యూలర్‌కు బిల్లు వచ్చిన రోజు మాట పడక తప్పదు.

ప్రశ్న: మా సంస్థకు మూడు చిన్న ఊళ్లలో ప్లాంట్లున్నాయి. విమానం కొంటే గిట్టుబాటవుతుందా?

జవాబు: హోదా కోసమైతే లెక్క అడగకండి, ఏ లెక్కా కుదరదు. పెద్ద నగరాల మధ్య నేరుగా ఎయిర్‌లైన్ ఉన్న ప్రయాణాలన్నీ పక్కన పెట్టి, మిగిలినవే లెక్కించండి. మూడు ప్లాంట్లు తిరగడానికి నలుగురికి ఇప్పుడు మూడు రోజులు పట్టి, సొంత విమానంలో ఒక్క రోజు చాలితే, ఒక్కో విడతకు ఎనిమిది పనిదినాలు మిగులుతాయి. ఏడాదికి ఎన్ని విడతలో చూసి గుణించండి.

అవతలి పక్క జీతాలు, హ్యాంగర్, బీమా, పైలట్ల శిక్షణ ఉన్నాయి. విమానం కదలకపోయినా ఇవి ఆగవు. ఇంధనం, ల్యాండింగ్ ఫీజు, ఇంజన్ ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) కోసం గంటకింత చొప్పున పక్కన పెట్టే సొమ్ము ఎగిరిన కొద్దీ పెరుగుతాయి. ఏడాదికి యాభై గంటలు దాటకపోతే ఛార్టర్ చాలు. రెండు వందలు దాటితే కొనడం గురించి ఆలోచించవచ్చు. మధ్యలో ఉంటే మరికొందరితో కలిసి వాటా కొనే పద్ధతుంది. ఇది మోటు లెక్కే. విమానాన్ని బట్టి మారుతుంది.

చిన్న రన్‌వేలే మీ గమ్యమైతే జెట్ వద్దు, టర్బోప్రాప్ చూడండి.

ప్రశ్న: వాతావరణం బాగోలేకపోయినా యజమాని దిగమంటే పైలట్ ఏం చేయాలి?

జవాబు: దిగకూడదు. 2001 మార్చి 29న అమెరికాలోని ఆస్పెన్‌లో ఛార్టర్‌గా వచ్చిన గల్ఫ్‌స్ట్రీమ్-3 కూలి 18 మంది చనిపోయారు. విమానం ఆలస్యంగా బయల్దేరింది, రాత్రి దిగడానికి అక్కడ ఆంక్షలున్నాయి. కెప్టెన్ మీద కస్టమర్ తెచ్చిన ఒత్తిడిని కూడా దర్యాప్తు సంస్థ కారణాల్లో చేర్చింది.

ఎవరూ ఒత్తిడి పెట్టకపోయినా ప్రమాదం తప్పుతుందని లేదు. 2014 మే 31న అమెరికాలోని బెడ్‌ఫర్డ్‌లో గస్ట్ లాక్ (నిలిపిన విమానంలో కంట్రోళ్లు గాలికి కదలకుండా బిగించి ఉంచే తాళం) తీయకుండానే గల్ఫ్‌స్ట్రీమ్-4 టేకాఫ్‌కు వెళ్లి ప్రమాదానికి గురైంది, ఏడుగురు చనిపోయారు. ఆ విమానం అంతకుముందు చేసిన 175 టేకాఫ్‌లలో 98 శాతం సార్లు కంట్రోళ్ల తనిఖీ పూర్తిగా చేయలేదని తేలింది. పై అధికారి, తోటి సిబ్బంది కళ్లు లేని చిన్న విభాగంలో అలవాట్లు ఇలాగే జారిపోతాయి. బయటి ఆడిట్ అవసరం అందుకే.

ఒత్తిడి సంగతికొస్తే, కనీస వాతావరణ పరిమితులు ఆపరేషన్స్ మాన్యువల్‌లో రాసి, దాని మీద యజమాని సంతకం ముందే తీసుకోండి. వాతావరణం అనుమానంగా ఉన్న రోజు ప్రత్యామ్నాయ విమానాశ్రయంలో కారు సిద్ధంగా ఉంచి, మీటింగ్‌కు ఎంత ఆలస్యమవుతుందో బయల్దేరేముందే ఆయనకు చెప్పండి. గాల్లో ఉండగా చెబితే వాదన మొదలవుతుంది.