వంటింటి ప్రశ్నలు – జవాబులు: తియ్యటి ఉల్లి సాస్

శాండ్‌విచ్ దుకాణాల్లో ఇచ్చే తియ్యటి ఉల్లి సాస్ మీద ఈసారి ప్రశ్నలు ఎక్కువగా వచ్చాయి. అన్నిటికీ ఒకచోటే జవాబులు ఇస్తున్నాం. కొలతల్లో పెద్ద చెంచా అంటే 15 మి.లీ., చిన్న చెంచా అంటే 5 మి.లీ.

ప్ర: సబ్‌వే లాంటి చోట శాండ్‌విచ్‌లో వేసే తియ్యటి ఉల్లి సాస్ మా పిల్లలకు చాలా ఇష్టమండీ. ఇంట్లో చేసుకునేలా కొలతలతో చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జ: ఇది ఉల్లిపాయలు వేయించి చేసే గ్రేవీ కాదు. ఇందులో చుక్క నూనె కూడా పడదు. ఉల్లి రసం కలిసిన పల్చటి పంచదార పాకం, దానికి వెనిగర్ పులుపు, చిక్కదనానికి కాస్త కార్న్‌ఫ్లోర్, పంటికి తగలడానికి గసగసాలు, అంతే. దుకాణం రుచి అచ్చంగా రాదు గానీ ఈ కొలతలతో బాగా దగ్గరకు వస్తుంది.

పొట్టు తీశాక 120 గ్రాములు తూగే ఉల్లిపాయ, నీళ్లు 150 మి.లీ., వెల్లుల్లి ఒక రెబ్బ, పంచదార 100 గ్రాములు, వెనిగర్ నాలుగు పెద్ద చెంచాలు, ఉప్పు అర చిన్న చెంచా, కార్న్‌ఫ్లోర్ రెండు చిన్న చెంచాలు (గీరి కొలవాలి, గోపురంలా కాదు), ఆవపొడి పావు చిన్న చెంచా, మిరియాల పొడి రెండు చిటికెలు, నిమ్మరసం ఒక చిన్న చెంచా, గసగసాలు ఒక చిన్న చెంచా. సుమారు 300 మి.లీ. సాస్ వస్తుంది.

ఉల్లిని పెద్ద ముక్కలుగా కోసి, వెల్లుల్లితో సహా నీళ్లలో వేసి, మూతపెట్టి సన్నసెగ మీద 10 నిమిషాలు ఉడికించండి. ముక్క వేళ్ల మధ్య నలగాలి. పూర్తిగా చల్లారాక ఆ నీళ్లతోనే మిక్సీ పట్టండి. వేడిగా తిప్పితే ఆవిరికి మూత ఎగిరి గోడంతా సాసే. మరీ మెత్తగా అక్కర్లేదు, కాస్త పలుకు ఉంటేనే బాగుంటుంది. దాన్ని స్టీలు గిన్నెలో పోసి పంచదార, ఉప్పు వేసి కరగనిచ్చి, వెనిగర్ పోసి 5 నిమిషాలు మరిగించండి. కార్న్‌ఫ్లోర్‌ను రెండు పెద్ద చెంచాల చన్నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, గరిటె ఆపకుండా తిప్పుతూ పోయండి. తెల్లటి మసక పోయి సాస్ నిగనిగలాడాక ఒక్క నిమిషం మరిగించి దించెయ్యండి. నిమ్మరసం, మిరియాల పొడి, ఆవపొడి అప్పుడే కలపాలి. ఆవపెట్టిన కూరలో ఆవముద్ద దించాక కలిపినట్టే. పొయ్యి మీద మరిగితే ఆవ ఘాటు పోతుంది. గసగసాలు కడిగి ఆరబెట్టి, దోరగా వేయించి చివర్లో చల్లండి.

ఎక్కడ ఆపాలన్నదే అసలు కిటుకు. గరిటె వెనక వేలితో గీత గీస్తే, ఆ గీత రెండు మూడు క్షణాలు నిలిచి అంచులు మెల్లగా జారాలి. వేడి మీద ‘ఇంకా పల్చగా ఉందే’ అనిపించినప్పుడే దించాలి. తీగపాకం దాకా పోనిచ్చారో, చల్లారాక చెంచాకు అతుక్కుని రాదు.

ప్ర: పచ్చి ఉల్లిపాయ మెత్తగా రుబ్బి, వెనిగర్, పంచదార అన్నీ ఒకేసారి వేసి ఉడికించాను. చేదొచ్చింది. పచ్చి వాసన కూడా పోలేదు. ఎక్కువసేపు ఉడికించాలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జ: ఎంతసేపు ఉడికించినా ఆ చేదు పోదు. వరస మార్చాలి. ఉల్లిలో గంధకం ఉన్న పదార్థాలు ఒక అరలో, వాటిని విడగొట్టే ఎంజైమ్ ఇంకో అరలో ఉంటాయి. కత్తి పడితే రెండూ కాస్త కలుస్తాయి, మన కళ్లు మండేది అందుకే. మిక్సీలో పచ్చిగా తిప్పితే పూర్తిగా కలిసిపోయి ఘాటూ చేదూ పెరుగుతాయి. రుబ్బిన ముద్ద గిన్నెలో కూర్చున్నకొద్దీ ఇంకా చేదెక్కుతుంది. ముక్కలుగా ఉండగానే ఉడికిస్తే వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది, తర్వాత ఎంత రుబ్బినా ఫర్వాలేదు.

రెండో తప్పు వెనిగర్ ముందే పోయడం. చింతపండు పులుసు పోశాక ముక్క ఉడకదని మన ఇళ్లలో అందరికీ తెలిసిందేగా. ఇక్కడా అదే. పులుపు తగిలితే ఉల్లి కణాల గోడలు బిగుసుకుంటాయి, ముక్క మెత్తబడదు, లోపలి పచ్చి వాసన లోపలే ఉండిపోతుంది. ముందు ఉడుకు, తర్వాత తీపి, ఆ తర్వాతే పులుపు.

ప్ర: మొదటిసారి చల్లారాక జెల్లీలా గడ్డకట్టింది. రెండోసారి బాగా కుదిరింది గానీ మూడో రోజుకు ఫ్రిజ్‌లోనే నీళ్లలా అయిపోయింది. ఎందుకంటారు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జ: గడ్డకట్టడానికి కార్న్‌ఫ్లోర్ ఎక్కువవడమే కారణం. రెండు పెద్ద చెంచాల వేడినీళ్లు పోసి, సన్నసెగ మీద కలిపితే దారికొస్తుంది.

పల్చబడటం వెనక సాధారణంగా మూడు కారణాలుంటాయి. కార్న్‌ఫ్లోర్ పోశాక ఒక నిమిషం కూడా మరగకపోతే పిండి గింజలు పూర్తిగా ఉబ్బవు, తర్వాత నీరు వదిలేస్తుంది. పోనీ అని పది నిమిషాలు మరిగిస్తే వెనిగర్ పులుపు ఆ చిక్కదనాన్ని విరగ్గొట్టేస్తుంది. మూడోదే ఎవరికీ తట్టదు: నాకిన చెంచా. లాలాజలంలో పిండిని కరిగించే ఎంజైమ్ ఉంటుంది. రుచి చూసిన చెంచాను మళ్లీ సీసాలో ముంచితే సాస్ పల్చబడొచ్చు. మీది మొదట బాగా కుదిరిందంటున్నారు కాబట్టి మా అనుమానం ఆ చెంచా మీదే. ఫ్రిజ్ తలుపు తీసి వేలు పెట్టి నాకేవాళ్లు ఇంట్లో ఉంటే చిన్న సీసాలో వేరుగా తీసి పెట్టండి.

ఇంకో సంగతి, ఈ సాస్‌ను ఫ్రీజర్‌లో పెట్టకండి. కరిగాక నీరు ఒకవైపు, స్పాంజిలాంటి ముద్ద ఒకవైపు విడిపోతుంది.

ప్ర: ఎర్ర ఉల్లిపాయలు ఉడికిస్తుంటే నీళ్లు బూడిద రంగుకు తిరిగాయి. ఇంకోసారి దించాక పచ్చి వెల్లుల్లి తురిమి వేస్తే, మర్నాటికి అక్కడక్కడా నీలి పచ్చ చుక్కలు. పాడైందని పారబోశాను.
– ఒక పాఠకురాలు, కర్నూలు

జ: పారబోయక్కర్లేదు. ఎర్ర ఉల్లి రంగు పులుపు తగిలితే గులాబీకి, క్షారం తగిలితే నీలం, బూడిద ఛాయలకు తిరుగుతుంది. బోరునీళ్లు కాస్త క్షారంగా ఉంటే ఇలా అవుతుంది. వెనిగర్ పడగానే మళ్లీ గులాబీ అవుతుంది. లేత రంగే కావాలంటే తెల్ల ఉల్లి వాడండి.

వెల్లుల్లి పచ్చబడటం కూడా పులుపుతో జరిగే మార్పే. హాని లేదు, చూడ్డానికే బాగుండదు. రెబ్బను ఉల్లితో పాటు మొదట్లోనే ఉడికిస్తే ఈ బెడద ఉండదు.

అల్యూమినియం గిన్నె మాత్రం వద్దు. వెనిగర్‌తో సాస్ నల్లబడి లోహపు రుచి వస్తుంది.

ప్ర: మేం డాలస్‌లో ఉంటున్నాం. ఇక్కడి కార్న్‌ఫ్లోర్ పసుపుగా ఉంది, సాస్ గరుగ్గా వచ్చింది. ఇక్కడ దొరికే విడేలియా ఉల్లి వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, అమెరికా

జ: మన దగ్గర కార్న్‌ఫ్లోర్ పేరుతో అమ్మే తెల్లటి పొడిని అక్కడ కార్న్‌స్టార్చ్ అంటారు. మీరు కొన్నది ఉత్త మొక్కజొన్న పిండి. వెనిగర్ కూడా చూసుకోండి. మన దుకాణాల్లో సాధారణంగా దొరికేది 4 శాతం ఆమ్లం, మీ దగ్గర 5 శాతం. కాబట్టి 60 మి.లీ. బదులు 50 చాలు.

విడేలియా ఈ సాస్‌కు చక్కగా సరిపోతుంది. జార్జియా రాష్ట్రంలో గంధకం తక్కువున్న నేలల్లో పండుతుంది కాబట్టి ఘాటు తక్కువ. తియ్యగా అనిపించడానికి కారణం అదే గానీ, చక్కెర పెద్దగా ఎక్కువుండి కాదు. 1986లో ఆ రాష్ట్రం చట్టం చేసి, నిర్ణయించిన ప్రాంతంలో పండినదానికే ఆ పేరు దక్కేలా చేసింది. దాంతో చేస్తే పంచదార 85 గ్రాములకు తగ్గించినా రుచి చెడదు.

ప్ర: మా అబ్బాయి దుబాయ్‌లో పని చేస్తున్నాడు. సెలవుకు వచ్చి వెళ్లేటప్పుడు ఒక సీసా కట్టి ఇద్దామనుకుంటున్నాను.
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జ: వద్దమ్మా, గసగసాలతో అసలు వద్దు. యు.ఎ.ఇ.లో, సౌదీలో, సింగపూర్‌లో కూడా గసగసాలు నిషేధం. సామానులో దొరికితే కేసు అవుతుంది. సాస్ ఒక్కటే కాదు, గసగసాలు కలిపి కొట్టిన కోడికూర మసాలా పొడికీ ఇదే మాట. అబ్బాయికి పద్ధతి రాసివ్వండి, అక్కడే ఇరవై నిమిషాలు పొయ్యి దగ్గర నిలబడితే చేసుకుంటాడు. గసగసాల బదులు వేయించిన తెల్లనువ్వులు చిన్న చెంచాడు వేసుకోమనండి. రుచిలో తేడా పెద్దగా తెలియదు.

ప్ర: పంచదార బదులు బెల్లం వేయొచ్చా? ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లున్నారు.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జ: బెల్లం వేయొచ్చు, కరిగించి వడకట్టండి. రంగు ముదురుతుంది, ఉల్లి రుచిని బెల్లం కమ్మేస్తుంది. మాకైతే సలాడ్‌లో అంతగా నచ్చదు, కాల్చిన పనీర్‌కు మాత్రం బాగుంటుంది. షుగర్ ఉన్నవాళ్లకు మాత్రం బెల్లమైనా పంచదారైనా ఒకటే. పై కొలతల్లో ఒక పెద్ద చెంచా సాస్‌లో దాదాపు 5 గ్రాముల పంచదార ఉంటుంది. ఆ లెక్కతో ఎంత తినాలో డాక్టరుగారిని అడగండి. పంచదార 60 గ్రాములకు తగ్గించి కూడా చేసుకోవచ్చు గానీ, అప్పుడు నాలుగైదు రోజుల్లో వాడేయాలి.

ప్ర: ఎన్నాళ్లు నిలవుంటుంది?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జ: గాజు సీసాను 10 నిమిషాలు నీళ్లలో మరిగించి, తడి లేకుండా ఆరబెట్టి పోస్తే ఫ్రిజ్‌లో 10 రోజులు. బయట పెట్టకండి. ఇది ఊరగాయ కాదు, అంత ఉప్పూ నూనే లేవు. బుడగలొచ్చినా, మూత తీయగానే పులిసిన వాసన వచ్చినా పారేయండి.

ప్ర: బాక్సులో పెట్టిన శాండ్‌విచ్ మధ్యాహ్నానికి తడిసి ముద్దవుతోంది. సలాడ్‌లో కలిపితే అడుగున నీళ్లు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జ: సాస్‌ను బ్రెడ్డుకు నేరుగా రాయకండి. రెండు ముక్కలకూ లోపలివైపు అంచుల దాకా వెన్న పూసి, ఒకదానిపై లెట్యూస్ ఆకు, దానిమీద చికెన్ గానీ పనీర్ గానీ పెట్టి, సాస్ ఆ కూరమీదే ఒకటిన్నర పెద్ద చెంచాలు వేయండి. అంతకు మించితే పక్కలనుంచి కారుతుంది. మధ్యాహ్నం దాకా ఆగాలంటే సాస్ చిన్న డబ్బాలో వేరుగా ఇవ్వడమే మేలు.

సలాడ్‌లో ఆ నీళ్లు సాస్‌వి కావు, కీరావి, టమాటావి. సాస్‌లోని ఉప్పూ పంచదారా ముక్కల్లో నీటిని బయటికి లాగేస్తాయి. కీరాను నిలువునా చీల్చి గింజల భాగం చెంచాతో గీకేయండి. మూడు పెద్ద చెంచాల సాస్‌కు ఒక పెద్ద చెంచా నూనె, ఒక చిన్న చెంచా నిమ్మరసం గిలకొట్టి కలిపితే నలుగురి సలాడ్‌కు సరిపోతుంది. ఆకులు కడిగాక తడి పూర్తిగా తుడవండి, తడి ఆకుకు సాస్ అంటదు. అందరూ కూర్చున్నాకే కలపండి.