చెరువు నీళ్లలో టైటానియా పనిచెయ్యాలంటే

తమ్ముడూ, డిస్టిల్డ్ వాటర్‌లో నీలి-ఆకుపచ్చ నాచు విషమైన మైక్రోసిస్టిన్‌ని విరగ్గొట్టిన టైటానియం డయాక్సైడ్ (టైటానియా) పొడి మీ ఆమదాలవలస చెరువు నీళ్లలో పనిచెయ్యట్లేదన్నావు కదా. పొడిలో లోపం లేదు, ముందు పీహెచ్ (నీటి ఆమ్ల-క్షార కొలత) చూడు. నాచు కమ్మిన చెరువులో మధ్యాహ్నానికి అది 9 దాటగలదు. అప్పుడు టైటానియా రేణువుకీ, విషానికీ రెండింటికీ రుణావేశమే, దగ్గరికే చేరవు. పైగా నీళ్లలో కరిగిన బైకార్బొనేట్, కుళ్లిన ఆకుల రసం కలిసి, ఎండలో టైటానియా పుట్టించే, విషాన్ని విరగ్గొట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్‌ని మధ్యలోనే మింగేస్తాయి.

నాచు కణాలు పగలకుండా మెల్లగా వడగట్టు. ఆ తర్వాతే ఆమ్లం చుక్కలుగా వేసి పీహెచ్ 4కి దించి, బాగా కలియబెట్టు. అప్పుడు రేణువుకి ధనావేశం వచ్చి విషాన్ని దగ్గరికి లాక్కుంటుంది, బైకార్బొనేట్ కూడా చాలావరకు గ్యాసై పోతుంది. పల్చని పళ్లెంలో ఎండకి పెట్టు, టైటానియాకి పనికొచ్చే అతినీలలోహితం ఎండలో 5 శాతం లోపే.

బ్లీచింగ్ ముందే చల్లొద్దు, కణాలు పగిలి విషం బయటికొస్తుంది. మరిగించినా అది పోదని ఊళ్లో తప్పకుండా చెప్పు.